కాలు పెట్టని నేల

పోయిన వారం పద్మకుమారిని అనకాపల్లి గవరపాలెంలో ఆఫీసు మెట్ల మీద వదిలేశాం. భుజాన బ్యాగు, చేతిలో ఫోను, ఫోనులో యజమాని మహేశ్వరరావు పంపిన ఒక్క ముక్క: 'పైకి రా, సంతకం ఉంది.' దేనికి సంతకమో ఆమెకి తెలుసు. రాంబిల్లి మండలంలో పెదగెడ్డపాలెం అనే చేపల ఊరికి వేస్తున్న కొత్త రోడ్డు ఊరి వెనక గట్టులా లేచింది. మొన్నటి వానకి నీళ్ళు గెడ్డలోకి, ఆ వెనక పారే వాగులోకి, పోయే దారి లేక వెనక్కి తిరిగి పద్నాలుగు ఇళ్ళలో దూరాయి. ఊరి ఆడవాళ్ళు వెళ్ళి మట్టి లారీలకి అడ్డంగా కూర్చున్నారు. అరవై మీటర్ల ముక్క మిగిలిపోయి పని ఆగింది. పై ఆఫీసు వాళ్ళు సంజాయిషీ అడిగారు. డిజైను మహేశ్వరరావు కన్సల్టెన్సీది, గీసింది పద్మకుమారి. తప్పు ఎవరి నెత్తిన పడబోతోందో చెప్పడానికి జాతకాలు చూడక్కర్లేదు.

ఆమె తలుపు తోసేసరికి గదిలో ముగ్గురున్నారు. టేబుల్ వెనక మహేశ్వరరావు. కిటికీ దగ్గర సత్తిరాజు, ముప్పయ్యేళ్ళుగా సర్వే పార్టీ నడుపుతున్న మనిషి, పద్మకుమారికి లెవెల్ మిషన్ పట్టుకోవడం నేర్పిన మనిషి. ఎదురు కుర్చీలో ఆమె ఎప్పుడూ చూడని ఒక పెద్దావిడ. ముక్కుకి రెండు వైపులా పుడకలు, మోకాళ్ళ మీద ఆనించిన పెద్ద చేతులు. పెదగెడ్డపాలెంలో లారీలని ఆపించిన నూకరత్నం ఈవిడేనని, మాట్లాడుకుందామని పొద్దున్నే కారు పంపి తీసుకొచ్చామని మహేశ్వరరావు చెప్పాడు. చెబుతూనే ఒక కాగితం ముందుకి తోశాడు.

"చదవక్కర్లేదు పద్మా. నీ మంచి చూసే రాయించాను. మూడింటికల్లా ఇది విశాఖలో పై ఆఫీసుకి చేరాలి."

చదవక్కర్లేదంటే చదవాల్సిందేనని ఈ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే ఆమెకి తెలిసొచ్చింది. చదివింది. 'సర్ఫేస్ మోడల్ తయారీలో డిజైన్ ఇంజనీరుగా నా అజాగ్రత్త వలన నేల ఎత్తులు తప్పుగా వచ్చినవి. ఇందుకు పూర్తి బాధ్యత నాదే. ఒక అదనపు పైపు తూముతో సమస్య తీరును.' కింద ఆమె పేరు, హోదా. పేరు మీద సంతకానికి ఖాళీ. ఆ ఖాళీ నిండితే ఈ ఉద్యోగమే కాదు, ఈ జిల్లాలో ఏ డిజైను ఆఫీసూ ఆమెని గుమ్మం తొక్కనివ్వదు.

"ఫైలు తెరిచి చూసేక పెడతాను సార్," అంది.

"ఇప్పుడేం చూస్తావు? వారం రోజులు చూశావుగా. ఆడలేక మద్దెల ఓడని, ఇక సాఫ్ట్‌వేర్ మీద పడతావా, సర్వే మీద పడతావా?"

"తప్పు నాదే అయితే ఎక్కడుందో నాకు తెలియాలి కదా సార్. తెలీకుండా ఏటని ఒప్పుకోను?"

మహేశ్వరరావు ఏదో అనబోయాడు. నూకరత్నం అడ్డుపడింది. "సూడనియ్యి బాబూ. మా కొంపలు ముంచిందేదో నానూ సూత్తాను." తర్వాత పద్మకుమారి వైపు తిరిగింది. "గీసిందానివి నువ్వేనా? గుంటా, నీ ఇంట్లోకి ఎప్పుడైనా నీళ్ళొచ్చేయా? బియ్యం డబ్బా మంచం కింద తేలతా ఉంటే సూసేవా?"

పద్మకుమారి వెళ్ళి తన సిస్టమ్ ముందు కూర్చుని ఫైలు తెరిచింది. వెనక మూడు కుర్చీలు జరిగిన చప్పుడయింది. ముగ్గురూ ఆమె వీపు వెనక చేరారు. మెడ మీద ఆ చూపుల బరువు తగులుతూనే ఉంది.

"ఏటది, సాలెగూడా?" అంది నూకరత్నం.

"మీ నేలమ్మా. సర్వే వాళ్ళు అక్కడక్కడా నిలబడి ఎత్తులు కొలుస్తారు. ఆ చుక్కల్ని మూడేసి చొప్పున కలుపుకుంటూ కంప్యూటరు త్రికోణాలు అల్లుతుంది. ఆ దుప్పటే దానికి నేల. చుక్క లేనిచోట నేల ఎలా ఉందో దానికి తెలీదు. పక్క చుక్కల్ని బట్టి ఊహించేస్తుంది."

"అంటే నీ మిషను మా ఊరు సూడలేదన్నమాట."

"చూడదమ్మా. చూసొచ్చిన వాళ్ళు చెప్పింది నమ్ముతుంది."

సర్ఫేస్ చెడిందంటే వెతకడానికి ఒక వరస ఉంది. పద్మకుమారి ఆ వరసే పట్టుకుంది. మొదట అంచులు. సర్వే ఆగిపోయిన చోట కంప్యూటరు ఊరుకోకుండా దూరదూరాన ఉన్న చుక్కల్ని కలిపేసి, పొడుగాటి బక్క త్రికోణాలు లాగుతుంది. అవి లేవు. సరిహద్దు గీసి ఆమె ఎప్పుడో కత్తిరించేసింది. తర్వాత సున్నా ఎత్తు పడ్డ చుక్కలు. ఒక్క సున్నా పడితే చదునైన నేలలో బావి తవ్వినట్టు కనిపిస్తుంది. అలాంటిది ఒకటి దొరికింది.

"అదిగో," అన్నాడు మహేశ్వరరావు. "అదేగా?"

"ఇది రోడ్డుకి రెండు వందల మీటర్ల అవతల ఉంది సార్. దీనికీ ఊళ్ళో నీళ్ళకీ సంబంధం లేదు."

"సంబంధం ఉందో లేదో చెప్పేది నువ్వా? తప్పు ఉందా లేదా?"

గొంతులోని సంతోషాన్ని ఆయన దాచుకోలేకపోయాడు. పద్మకుమారికి ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళు ఈ మనిషి దగ్గర పని చేసింది. తను గీసిన పరవాడ రోడ్డు డిజైనుకి ఈయన శాలువా కప్పించుకున్న రోజు వెనక వరసలో నిలబడి చప్పట్లు కూడా కొట్టింది. ఆ చప్పట్లు ఇప్పుడు వెనక్కి తీసుకోవాలనిపించింది.

మూడోది గీతలు. కాలవ గట్టు, రోడ్డు అంచు ఉన్నచోట వాటి వెంబడి గీత కట్టకపోతే త్రికోణాలు కాలవని దాటేసి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వంతెనలా పరుచుకుంటాయి. కాలవ మాయమైపోతుంది. ఆమె ఊరి వెనక భాగాన్ని పెద్దది చేసింది. అక్కడ గీత లేదు. గీత కట్టడానికి సర్వేలో కాలవే లేదు. ఆ ముక్క పొడుగునా, ఒకే ఎత్తున్న చోట్లని కలిపే ఎత్తుల గీతలు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి, సమానంగా ఉన్నాయి.

"ఇక్కడేనా అమ్మా మీ నీళ్ళ దారి?"

నూకరత్నం ముందుకి వంగి స్క్రీను మీద వేలు పెట్టింది. "ఇది గెడ్డ. ఇయ్యి మా ఇళ్ళు. అవును, ఇక్కడే. నడుం లోతు ఉంటాది. మా తాతల కాడ్నించి వాననీళ్ళు అందులోంచే పోతన్నాయి. ఫోటోలు సూపిత్తే, అది మీరే తవ్వేసేరు, పడవలు తెచ్చుకోడానికి, అంటన్నాడు కంట్రాక్టరు."

నడుం లోతు కాలవ ఉన్నచోట స్క్రీను మీద బల్లచెక్కలాంటి నేల ఉంది. పద్మకుమారి చుక్కల మీద ఒక్కొక్కటిగా నొక్కింది. ఒకదానికీ ఇంకోదానికీ దూరం అయిదు మీటర్లు. మళ్ళీ అయిదు. మళ్ళీ అయిదు. ఎత్తు చుక్క చుక్కకీ రెండేసి సెంటీమీటర్లు తగ్గుతూ వెళ్ళింది. నూట నలభై రెండు చుక్కలు, ఒక్కటి కూడా వరస తప్పలేదు. మనిషి కాలు అలా పడదు. ముళ్ళకంప అడ్డొస్తుంది, ఎవరో చేపలు ఎండేసుకుంటారు, కుక్క మీదికొస్తుంది, కొలత కర్ర పట్టుకున్నవాడు రెండడుగులు పక్కకి జరుగుతాడు. సర్వే అంటే అలా చెల్లాచెదురుగా ఉంటుంది. ఇంత బుద్ధిగా ఉన్న నేలని ఆమె తొమ్మిదేళ్ళలో చూడలేదు.

కుర్చీ వెనక్కి తిప్పింది. "బాబాయ్, ఈ ముక్క ఎలా తీసేరు?"

సత్తిరాజు కిటికీ వైపు చూస్తూనే అన్నాడు. "ఎలా తీత్తారు? గళ్ళు గీసినట్టు గ్రిడ్డు ఏసి తీసేం. గ్రిడ్డు నీకు నేర్పింది నేనే కదా."

"ఏ రోజు తీసేరు?"

"షీట్లో ఉంది కదా తల్లీ, నా సంతకం కూడా ఉంది. ఏప్రిల్ పదిహేడు. పొద్దున్న ఏడింటికి దిగేం, పన్నెండుకి ముగించేం. ఎండ పేలిపోతంటే గొడుగేసుకుని మరీ తీసేం. ఆ వీధిలో ఎవరో మజ్జిగ కూడా ఇచ్చేరు."

అడగని మజ్జిగ ఎందుకొచ్చిందో పద్మకుమారికి అర్థం కాలేదు. నూకరత్నానికి అర్థమైంది. ఆవిడ మెల్లగా లేచి నిలబడింది.

"పదిహేడంటే, సముద్రంలో ఏట బందయిన మూడో రోజు కదా?"

"అవునమ్మా," అంది పద్మకుమారి. "పదిహేను నుంచి చేపల వేట బందు."

"మజ్జిగిచ్చింది ఎవులు బాబూ? పేరు సెప్పు."

"పేర్లు గుర్తుంటాయా ఏటి," అన్నాడు సత్తిరాజు.

"పోనీ ఊళ్ళోకి ఎలాగొచ్చేవో సెప్పు. ఆ మూడ్రోజులూ మా ఊరు కట్టేసేం. గంగమ్మ పండగ. నాలుగు దిక్కులా ఏపమండలు కట్టేం. బయటోడు లోపలికి రాకూడదు, లోపలోడు బయటికెళ్ళకూడదు. కంపెనీల్లో సేసే మా కుర్రోళ్ళు మూడ్రోజులు బస్సెక్కలేదు, జీతం కోయించుకున్నారు. నా కూతురు సంటిబిడ్డని సంకనేసుకుని సబ్బవరం నుంచొచ్చింది. ఏపమండ అవతలే నిలబెట్టి, ఎనక్కి పంపించేసేను. అది ఏడుసుకుంటా పోనాది. ఇప్పటికీ నాతో సరిగ్గా మాటాడదు. నా కూతుర్నే రానియ్యలేదు, గొడుగేసుకుని నువ్వొత్తే రానిచ్చేమా?"

సత్తిరాజు చెయ్యి తనంతట తానే జేబులో రుమాలు వెతికింది.

"ఊరికి వెనక నుంచి వచ్చేం," అన్నాడు.

"ఎనక గెడ్డ. గెడ్డ గట్టు మీదా మండలున్నాయి. అక్కడ కాపలా కూకున్నది నానే."

"అయితే షీట్లో తేదీ తప్పు పడుంటాది."

"ముందు రోజు దిగేరా, తర్వాత రోజు దిగేరా బాబాయ్?" అంది పద్మకుమారి. "పదహారున మీరు రాంబిల్లి జంక్షన్‌లో ఉన్నారు. పద్దెనిమిదిన ఫైలు నాకిచ్చేసేరు."

అప్పుడు సత్తిరాజు తిరిగాడు. ముఖం ఎర్రగా ఉంది. "ఏం సెయ్యమంటావు? పండగయ్యేదాకా ఆగుదామంటే ఆగనిచ్చేరా? పద్దెనిమిదికల్లా సర్వే ఫైలు ఇచ్చెయ్యాలన్నారు. ఆ పక్క ఎత్తుంది, ఈ పక్క ఎత్తుంది, మధ్యలో చుక్కలు నింపెయ్, సముద్రం ఒడ్డు పర్రనేల ఎక్కడైనా చదునుగా ఒకటే అన్నారు." అనేసి నాలిక కరుచుకున్నాడు. అన్నది ఎవరో చెప్పలేదు గానీ కళ్ళు మహేశ్వరరావు వైపు పోనే పోయాయి.

మహేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి కోపం రాలేదు. కోపం రాకపోవడం చూసే పద్మకుమారికి భయం వేసింది.

"సరే, చుక్కలు ఎలాగైనా వచ్చాయనుకో," అన్నాడాయన. "సర్ఫేస్‌లోకి ఎక్కించింది ఎవరు? సర్వేలో తప్పుంటే పట్టుకోవాల్సింది డిజైన్ ఇంజనీరే కదా. ఏం సత్తిరాజూ, ఈ ముక్క గురించి నిన్నెవరైనా అడిగారా?"

దారి దొరికిందని తెలిసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా అయింది సత్తిరాజు ముఖం.

"అడిగింది సార్. మే నెల్లో ఫోన్ చేసింది. 'బాబాయ్, ఇక్కడ గీతలు మరీ తిన్నగా ఉన్నాయేటి' అంది. పర్రనేల బల్లలాగే ఉంటాదమ్మా అన్నాను. ఊరుకుంది." పద్మకుమారి కళ్ళలోకి చూస్తూ అన్నాడు. "ఊరుకున్నావా, లేదా? నేనొక్కడినేనా దొంగని?"

ఆ మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. అబద్ధమైతే తగిలేది కాదు. మే నెలలో ఆ గీతలు చూసింది. అనుమానం వచ్చింది. ఫోను చేసింది. నేర్పిన మనిషి చెప్పాడు కదా అని ఒక కారణం. ఆ సాయంత్రానికే ఫైలు పంపాలని ఇంకో కారణం. బండేసుకుని రాంబిల్లి వెళ్ళి ఒక్కసారి చూసొస్తే సరిపోయేది, గంటన్నర దారి. వెళ్ళలేదు. ఈ వారమంతా రాత్రుళ్ళు ఇంట్లో పడుకుని పైకప్పు చూస్తూ ఆమె తప్పించుకు తిరిగింది ఆ గంటన్నర నుంచే.

నూకరత్నం ఆమె ముందుకి వచ్చి నిలబడింది.

"నీకు అప్పుడే అనుమానమొచ్చిందా?"

"వచ్చిందమ్మా."

"అయినా ఒగ్గేసేవు."

"వదిలేసేను."

తిడుతుందనుకుంది. తిట్టలేదు. "అయితే నీ సెయ్యీ ఉంది ఇందులో," అంది. ఆ మాటకి పద్మకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో తిరిగాయి, ఎవరి మీదా కోపంతో కాదు.

"విన్నావుగా," అన్నాడు మహేశ్వరరావు పెన్ను మూత తీసి ముందు పెడుతూ. "నీ నోటితోనే ఒప్పుకున్నావు. ఇంకెందుకు ఆలస్యం?"

పద్మకుమారి పెన్ను అందుకోలేదు. "నా తప్పు నేనే రాసిస్తాను సార్, నా చేత్తో. అనుమానం వచ్చినా వెళ్ళి చూడలేదని రాస్తాను. ఉద్యోగం పోతే పోనీ. కానీ ఈ కాగితం మీద పెట్టను. ఇందులో చుక్కల సంగతి లేదు. నేను సంతకం పెడితే సర్వే నిజమైపోతుంది, మళ్ళీ ఆ చుక్కల మీదే పైపు వేస్తారు. కాలవ ఉన్నచోట కాకుండా ఇంకెక్కడో వేస్తారు. తుపాను రోజుల్లో వీళ్ళ ఇళ్ళు మళ్ళీ మునుగుతాయి."

"కాలవని ఎవరు చూశారు? వాళ్ళే తవ్వుకున్నారని కంట్రాక్టరు రాసిచ్చాడు."

"కొలిస్తే తెలుస్తుంది సార్. తవ్విన గొయ్యి అయితే తవ్వినచోటే లోతుంటుంది. నీళ్ళ దారి అయితే ఊరి నుంచి గెడ్డ దాకా అడుగు అడుగుకీ వాలు ఉంటుంది. అరవై మీటర్లు ఇంకా పూడ్చలేదు. ఇవాళే వెళ్ళి అక్కడ మిషన్ పెడతాను. ఆ అంకెలు నా ఉత్తరంతో కలిపి నేనే విశాఖ తీసుకెళ్తాను."

మహేశ్వరరావు గోడ గడియారం చూశాడు. పదకొండున్నర దాటింది. ఆయన ముఖంలో తొందర లేదు. ఇంత గొడవలో మూడింటి గడువు ఉన్న మనిషికి అంత తీరిక ఎక్కడిదని పద్మకుమారి అనుకుంటూ ఉండగానే నూకరత్నం ఫోను మోగింది. ఆవిడ చూపుడు వేలితో గట్టిగా నొక్కేసరికి అవతలి గొంతు గదంతా వినిపించింది. వెనక ఇంజన్ల రొద.

"పిన్నీ, తలుపులమ్మని. నువ్వు ఒప్పేసుకున్నావంట కదా. నిజవేనా?"

"ఏటొప్పుకున్నాను? ఎవులు సెప్పేరు?"

"కంట్రాక్టరు మనుషులు. నిన్ను కార్లో అనకాపిల్లి తీసుకెళ్ళేరు, అక్కడ మాటయిపోనాది, ఇళ్ళకి ఎల్లిపోండి అన్నారు. సగం మంది లెగిసి ఎల్లిపోనారు. లారీలు కదిలేయి పిన్నీ. కాలవలో ఒకటి పోసేసేరు, రెండోది ఎనక్కి తిప్పతన్నారు."

నూకరత్నం ఫోను అలాగే పట్టుకుని మహేశ్వరరావు వైపు చూసింది. కారు ఎందుకు పంపారో, టీ ఇచ్చి కుర్చీ వేసి ఎందుకు కూర్చోబెట్టారో ఇప్పుడు తెలిసింది. "నన్ను ఊళ్ళోంచి తప్పించడానికి పిలిసేవు," అంది. ఆయన కాదనలేదు.

"తలుపులమ్మా, నానేటీ ఒప్పుకోలేదు. బేగి పోయి అందర్నీ లేపు. ఎల్లి కాలవలో కూకోండి, గట్టు మీద కాదు, కాలవలోనే. నానొత్తన్నాను." ఫోను కట్టేసి పద్మకుమారి రెక్క పట్టుకుంది. ఆ పట్టులో క్షమించిన జాడేం లేదు. "గుంటా, నీ మిషను తియ్యి. నడు."

"వెళ్ళండి," అన్నాడు మహేశ్వరరావు, కాగితాన్ని ఫైల్లో సర్దుకుంటూ. "ఇక్కడి నుంచి గంటన్నర. మీరు చేరేసరికి కొలవడానికి అక్కడ నేల ఉండదు. పద్మా, ఆ గడప దాటితే మళ్ళీ రావక్కర్లేదు."

పద్మకుమారి మూలనున్న సర్వే మిషన్ పెట్టె ఎత్తింది. స్టాండు భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గరికి రెండడుగుల్లో చేరింది. అప్పటికే సత్తిరాజు అక్కడున్నాడు. రెండు చేతులూ తలుపు చట్రానికి ఆనించి, దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"పెట్టె కింద పెట్టు తల్లీ," అన్నాడు. "రిజిస్టర్లో ఆ మిషన్ నా పేరున ఉంది. నేను లేకుండా అది బయటికెళ్తే సారు దొంగతనం కింద కేసు రాయిత్తాడు."

ఆయన పక్కకి జరగలేదు.